అత్తమ్మ వేరుపొయ్యి

"అమ్మమ్మా, పింఛను ఫారం అంత నింపిన. నువ్వు సంతకం ఒక్కటి పెడితే అయిపోతది. ఎందుకు వద్దంటున్నవ్, జర చెప్పరాదు?"

ఆ ఫారం గాడ అల్మారి మీద పెట్టు బిడ్డా. పెట్టినవా? ఇగ వచ్చి కూసో. గా ఫోన్ల నా మాట పడుతున్నదా ఏంది? పడితే పడనీ తియ్, నేనేం దొంగమాటలు చెప్తలేను. పింఛను మీద నాకు కోపం లేదు. ఇచ్చేటోళ్లు ఇస్తున్నరు, తీస్కునేటోళ్లు తీస్కుంటున్నరు, మంచిదే. ఇప్పుడు రూల్సు కూడ వేరే ఉన్నయని నువ్వే చెప్తివి. గానీ ఆ పింఛను ఒకపారి మా ఇంట్లకు వచ్చింది. గప్పుడు నేను జూసిన. అందుకే నా చెయ్యి లేస్తలేదు.

మా అత్తమ్మకు వచ్చింది. రాజవ్వ. అంటే మీ తాతను కన్నతల్లి, మీ అమ్మకు నాయనమ్మ. నీకు ఫోటో కూడ చూపెట్టలేను, ఆమె ఫోటో ఒక్కటి గూడ దిగలే.

మేం జనగామ దిక్కు నుంచి పట్నం వచ్చినం. ఆంధ్రోళ్లు మనోళ్లు ఒక్క రాష్ట్రం అయిన్రు సూడు, ఆ ఏడే. ఊర్ల భూమి లేదు, కూలి లేదు. నాంపల్లి టేషన్ ఎనుక గల్లీల ఒక పెద్ద వాకిలి, వాకిలి సుట్టు నాలుగు వాటాలు, నడుమ ఒక్కటే నల్లా. మాకు ఒక అర్ర, ముంగట ఇంత వరండా. కిరాయి పన్నెండు రూపాయలు... కాదు, పన్నెండు తర్వాత అయింది, మేం దిగినప్పుడు తొమ్మిదే. మీ తాత అబిడ్స్ ఎనుక గల్లీల ఒక ప్రెస్సుల జిల్దు కట్టేటోడు. బుక్కులకు సూదితోని కుట్టి, అట్ట అంటిచ్చుడు. ఆయన చేతులెప్పుడు మైదాపిండి గంజి వాసనే. కట్టి కట్టి ఆ బుక్కుల్లనే అచ్చరాలు నేర్చిండు, బడికి పోలే. ఎన్ని బుక్కులు కడితే అన్ని పైసలు, నెల జీతం లేదు.

అత్తమ్మ ఏం ఖాళీగ కూసునేటి మనిషి కాదు. పొద్దుగాలనే మొజంజాహి మార్కెట్ పోయి గంపెడు జామకాయలు తెచ్చి టేషన్ ముంగట కూసునేది. ఉప్పు కారం పెట్టి ఇచ్చేది. రైలు దిగినోళ్లు ఆమె దగ్గర ఆగకుంట పోకపోయేటోళ్లు, అంత మంచిగ పిలిచేది. ఇంటికొస్తే మీ అమ్మ, గప్పుడు నాలుగేండ్లది, పుష్ప, పుష్ప అని ఊరంత పిలిచేటోళ్లు, అత్తమ్మ ఒళ్లెకెల్లి దిగేది కాదు. మీ అమ్మ తలకు ఆమె నూనె పెట్టాలె, ఆమెనే దువ్వాలె. నేను దువ్వితే ఏడ్చేది.

తర్వాత అత్తమ్మ కండ్లల్ల పొర వచ్చింది. పావలా అని చెప్పి ఇంకేదో చిన్న బిళ్ల చేతుల పెట్టి పోయేటోళ్లు. ఆరునెలలు అట్ల గూడ కూసున్నది, ఇగ వల్లగాక ఇంట్ల ఉన్నది.

ఆ ఏడే అన్నీ ఒక్కసారి పడ్డయ్. మున్సిపాలిటోళ్లు ఇంటిపన్ను పెంచిన్రట. పన్ను ఇంటామెకు పడ్డది, కట్టింది మేము. పన్నెండు ఉన్న కిరాయి పద్దెనిమిది జేసింది. ఆమెను తప్పు పట్టలేం, ఆమె గూడ ముండమోసిన మనిషే, ఆ కిరాయిలతోనే బతుకుతుండె. ఇటు ప్రెస్సుల సేటు, కాయితం మీద టాక్సు పెరిగింది, నాకు గిట్టుబాటైతలేదని బుక్కుకు ఇచ్చే పైసలు తగ్గిచ్చిండు. టాక్సు అంటే ఏందో నాకేం ఎరుక బిడ్డా. కడుపునిండ తినే దినాలల్ల ఆ మాట నేను విననే లేదు. మా బియ్యం డబ్బల చెయ్యి పెడితే అడుగు తగిలినప్పుడు ఎరుకైంది. మీ అమ్మకు పాలు బంద్ చేసినం. చాయ్‌ల పోసే ఇన్ని పాలల్ల నీళ్లు కలిపి దానికి ఇస్తుంటి.

పక్క వాటాల సుబ్బారావు గారని గుంటూరు దిక్కాయన ఉంటుండె. బషీర్‌బాగ్‌ల ఏదో ఆఫీసుల గుమస్తా. మంచి మనిషి, పాపం. ఆయన మాట మాకు, మా మాట ఆయనకు సగం సగం సమజయ్యేది, గానీ మంచిగనే ఉంటుంటిమి. ఆయననే చెప్పిండు, "గవర్నమెంటు వాళ్లు ముసలివాళ్లకి పింఛను ఇస్తున్నారమ్మా, నెలనెలా మనియార్డరు ఇంటికే వస్తుంది. మీ అత్తగారికి రాయిద్దాం" అని. మా పాణం లేచి వచ్చింది. మల్ల ఆయననే జర ఆగి, "ఒకటే చిక్కు. సంపాదించే కొడుకు ఉంటే ఇవ్వరు" అన్నడు.

ఔ. తిండి పెట్టేటోళ్లు ఎవ్వలు లేనోళ్లకే ఇస్తరంట. మీ తాత ఆ మాట వినంగనే లేచి బయటికి పోయిండు. రాత్రికి వాపస్ వచ్చిండు. "నేను బతికుండంగ మా అమ్మకు ఎవ్వలు లేరని రాయాల్నా?" అన్నడు. ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది. అయినా నేను ఊకోలే. నేనే గులిగిన. పిల్లకు పాలు లేవంటి, కిరాయి ఎట్ల కడుతవంటి. కాయితం మీద రాస్తే ఏమైతది, మనం ఇంట్ల కలిసే ఉంటం గదా అంటి. ఈ మాట నేను ఎవ్వలకు చెప్పలే ఇన్నేండ్లు. అన్నది నేనే.

అత్తమ్మ అంత విని, "పోదాం పట్టుండ్రి" అన్నది. గంతే.

తాసిల్దారు దఫ్తర్‌ల ఆమెను ముంగట నిలబెట్టి ఒకాయన కాయితం చదివి వినిపించిండు. నాకు కొడుకులు బిడ్డలు లేరు, తిండి పెట్టేటోళ్లు ఎవ్వలు లేరు, ఇది నిజము, అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంట, అని ఉన్నది. అత్తమ్మ, "ఇంకొక్కపారి చదువు సారూ" అన్నది. ఆయన ఇసుక్కుంటనే మల్ల చదివిండు. అంత విన్నది, బొటనేలు సిరాల అద్ది ఒత్తింది. మీ తాత లోపలికి రాలే, బయట రోడ్డు మీద నిలబడ్డడు. వాపస్ వచ్చేటప్పుడు అత్తమ్మ మా ఎనుక ఇరవై అడుగులు దూరం నడిచింది. కండ్లు కనబడవు గదా, నేను చెయ్యి పట్టబోతే ఇడిపిచ్చుకున్నది. "ఎవలన్న జూస్తరు" అన్నది.

సుబ్బారావు గారు ఇంకో మాట చెప్పిండు. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఎంక్వయిరీకి వస్తడు, ఎప్పుడొస్తడో చెప్పరు, వచ్చినాయన ముందుగాల పొయ్యి జూస్తడు అని. "ఒకే పొయ్యి మీద వండుకుంటే ఒకే కుటుంబం అని రాసేస్తాడమ్మా. వేరే పొయ్యి ఉండాలి" అన్నడు. మరి మా దిక్కు గూడ అంతే. అన్నదమ్ములు వేరువడ్డరు అంటే ఏంది, పొయ్యిలు వేరయినయ్ అనే గదా. వరండాల ఒక మూలకు అత్తమ్మకు బొగ్గుల పొయ్యి పెట్టినం. రెండు గిన్నెలు, ఒక గంటె, ఒక చాప. రేషన్ కార్డుల ఆమె పేరు కొట్టేపిచ్చి వేరే కార్డు తీసినం. నేను లోపట పొట్టుపొయ్యి మీద వండుతుంటి. గప్పుడు కోఠి దిక్కు కట్టె కోసేకాడ రంపపుపొట్టు బస్తాల అమ్మేటోళ్లు, డబ్బల దట్టిచ్చి నడుమ తొర్ర పెట్టి కాలుస్తరు. పొగ ఎక్కువ, పైసలు తక్కువ. అదెందుకు చెప్తున్న... ఔ, చెప్త, దాని ముచ్చట ఉన్నది.

మీ అమ్మకు గూడ నేర్పినం. ఎవలన్న వచ్చి అడిగితే, గీ ముసలామె మాకేం కాదు అని చెప్పాలె. అది చిన్నపిల్ల, ఆట అనుకున్నది. నేను సారు లెక్క అడిగేది, అది చెప్పేది. అత్తమ్మ గోడకు కూసోని వినేది.

నెల దాటినంక వచ్చిండు గిర్దావర్. పొద్దుగాల పదిగొట్టంగ, నేను నల్లాకాడ ఉన్న. వరండాల పొయ్యి జూసిండు, లోపటి పొయ్యి జూసిండు, రెండు కార్డులు జూసిండు. నన్ను అడిగిండు, ఇంటామెను అడిగిండు. పోయేటోడు పోయేటోడు మీ అమ్మ దగ్గర వంగి, "ఈ అవ్వ నీకేమైతది బిడ్డా?" అన్నడు. మీ అమ్మ జర గూడ తడబడలే. "ఏం కాదు. ఆమె మాకెవ్వలు కాదు" అన్నది. ఆయన నవ్వి జేబులకెల్లి పిప్పరమెంటు తీసిచ్చి పోయిండు.

అత్తమ్మ మీ అమ్మను దగ్గరకు పిలిచి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నది. మంచిగనే అన్నది. గానీ ఆ దినం సంది దాని తల దువ్వలే. అది దువ్వెన పట్టుకోని పోతే, "మీ అమ్మ దగ్గరికి పో" అన్నది. ఆ పిల్ల ఏడ్చింది. రెండు దినాలకు మర్చిపోయింది, పిల్లలు గదా. మీ అమ్మకు ఇది యాదిలేదు. నువ్వు చెప్పకు.

పింఛను మంజూరైంది. మొదటి మనియార్డరు వచ్చిన దినం నేను ఇన్ని సేమియాలు కాచిన. ఇగ అయిపోయింది గదా ఎంక్వయిరీ, లోపటికి రా అత్తమ్మా, తిందాం అన్న. రాలే. ఈ ఒక్కదినం ఎవలు జూస్తరు అన్న. అప్పుడు చెప్పింది.

"ఏలు పెట్టి చెప్పిన లచ్చవ్వా. ఎవ్వలు లేరని చెప్పిన. ఇగ నీ ఇంట్ల మెతుకు తింటే ఆ ఏలు అబద్ధమైతది. శిక్షకు ఒప్పుకుంట అని గూడ చెప్పిన. ఆ శిక్ష నా మీద పడితే ఫికర్ లేదు. నాకు ముగ్గురు పుట్టిన్రు, ఇద్దరు పోయిన్రు. ఉన్నది వీడొక్కడే. వీని మీద పడితే ఏం జెయ్యాలె?"

నేను నవ్విన అప్పుడు. ఇదేం పిచ్చి అత్తమ్మా, కాయితానికి ఏం ఎరుక అన్న. ఆమె నవ్వలే. ఆమెకు సర్కారు, దేవుడు వేరువేరు గాదు. ఒకపారి ఒప్పుకున్నదంటే గా మాట మీద నిలబడాలె, లేకుంటే ఇంట్ల ఎవలో ఒకలు పోతరు, అదే ఆమె సమజు. రెండు దినాలైతే మెత్తబడతది తియ్ అనుకున్న. మూడేండ్లు బిడ్డా. మూడేండ్లు ఆమె గాడనే వండుకున్నది, గాడనే తిన్నది. చేతితోని తడుముకుంట బియ్యం ఏరేది. ఒక్కోపారి చెయ్యి కాలేది.

మనియార్డరు రాంగనే తనకు కావల్సిన బియ్యం, బొగ్గులు తీసుకోని తక్కింది నా ఒళ్లె పెట్టేది. "పిల్లకు పాలు పొయ్యి" అనేది. నేను తీసుకుంటుంటి. పాలు వచ్చినయ్, మీ అమ్మ బుగ్గలు వచ్చినయ్. ఆమె పైసలు మా ఇంట్లకు వచ్చినయ్ గానీ మా మెతుకు ఆమె నోట్లకు పోలే. మీ తాత పొద్దుగూకి వచ్చి తన పళ్లెం తీస్కపోయి వరండాల ఆమె పక్కన కూసోని తినేటోడు. ఎవలన్న వాకిట్లకు వచ్చిన సప్పుడైతే ఆమె పళ్లెం పట్టుకోని గోడ దిక్కు తిరిగేది.

ఆషాఢంల బోనాలు వచ్చినయ్. మాకు ఇంటికి ఒక్క బోనం. ఎన్నడైనా అత్తమ్మనే వండుతది, నేను ఎత్తుకుంట. ఆ ఏడు నేను కుండ కడిగి సున్నం పూసి, వండు అత్తమ్మా అంటే, "నీ ఇంటి బోనం నువ్వు వండుకో" అన్నది. జూస్తే వరండాల బొగ్గుల పొయ్యి మీద, ఇగో గింత కుండ, దాంట్ల ఇంత అన్నం, పసుపు, మీద దీపంత పెట్టి, ఒక్కతే ఎత్తుకోని గోడ పట్టుకుంట పోతున్నది. అంటే అమ్మోరు తల్లికి గూడ చెప్పింది, నాది వేరే ఇల్లు అని. అప్పటిదాంక నాకు లోపట ఎక్కడో ఉండె, ముసలిది అలిగింది, మనం బతిమాలాలని జూస్తున్నది అని. ఆ దినం ఎరుకైంది, అది అలుగుడు కాదని.

మీ తాత అదే దినం పోయి సుబ్బారావు గారిని అడిగిండు, పింఛను వాపస్ ఇచ్చేస్తే ఆ కాయితం చించేస్తరా అని. ఆయన పాపం బెదిరిండు. "అలా చేయకు ఎల్లయ్యా, ఇన్నాళ్లు తీసుకున్నదంతా కట్టమంటారు, కేసు కూడా పెడతారు" అన్నడు. గంత పైస మేం ఎక్కడ తేవాలె. మీ తాత మల్ల ఆ మాట ఎత్తలే. నేను గూడ ఎత్తలే. పాలు వస్తున్నయ్ గదా మరి. నేను గట్టిగ పట్టుపట్టి ఉంటే ఏమైతుండెనో. పట్టలే.

మూడో ఏడు వానలల్ల అత్తమ్మకు జరమొచ్చింది. వారం తగ్గలే. లేచి పొయ్యి ముట్టిచ్చే తాకతు లేదు, నేను గంజి పోస్తే తాగదు. ఇగ నేను ఉపాయం జేసిన. నా పొట్టుపొయ్యి మీద గంజి కాచి, తెచ్చి ఆమె గిన్నెల పోసి, ఆమె పొయ్యి మీద పెట్టి, గంటె సప్పుడు జేసిన. నీ బియ్యమే అత్తమ్మా, నీ పొయ్యి మీదనే కాచిన అన్న. ఒక్క గుటక నోట్ల పోసుకున్నది. ఆ పొట్టుపొగ వాసన ఉంటది సూడు, అన్నానికి పడుతది. మాకు అలవాటై తెలుస్తలేదు. ఆమెకు మూడేండ్లాయె ఆ అన్నం తినక. గుటక మింగలే, ఉమ్మలే, నోట్లనే పెట్టుకోని నా దిక్కు తిరిగింది. కండ్లు కనబడని మనిషి నా మొకం దిక్కు చూసింది. జర సేపటికి మెల్లగ కొంగుల ఉమ్మేసింది. "గట్ల చెయ్యకు బిడ్డా" అన్నది. తిట్టలే. తిడితే మంచిగుండేది.

తెల్లారి పెద్ద దవాఖానకు తీస్కపోయినం. రిక్షాల నా ఒళ్లె పండుకున్నది, ఆమె బరువే లేదు. గాడ చీటి రాసే ఆయన, "పేషెంటు మనిషి ఎవరు, మీరేమైతరు?" అన్నడు. మీ తాత ఇగ ఏం జూడలే. పింఛను లేదు, గిర్దావర్ లేడు, "మా అమ్మ సారూ, మా అమ్మ" అని గొల్లున ఏడ్చిండు. స్ట్రెచర్ మీద పండుకున్నామెకు సోయి లేదనుకున్నం. ఉన్నది. చెయ్యి లేపింది.

"కాదు సారూ" అన్నది. "పక్కింటాయన. మంచోడు."

ఆయన అదే రాసుకున్నడు.

సాయంత్రానికి పోయింది. మల్ల మాట్లాడలే. అదే ఆమె ఆఖరి మాట, కొడుకును కొడుకు కాదని. ఆయనను కాపాడాలనే అన్నది, నాకు ఎరుకే, మీ తాతకు ఎరుకే. ఎరుకైతే మాత్రం ఏమైతది.

దినాలు చేసినం. ఆ పొయ్యి ఎత్తి బయట పారేసినం, దాన్ని జూస్తే మీ తాత అన్నం ముట్టకపోయేటోడు. పదిహేను దినాలకు పోస్టాయన మనియార్డరు తెచ్చిండు. ఆయనకు ఎవలు చెప్పలే. వరండాల మూల ఖాళీగుంది, జూసిండు, టోపీ తీసిండు. "వాపస్ పంపియ్యాలె, పోయిందని ఎవలన్న ఒకలు రాసియ్యున్రి" అన్నడు. ఆ దినం ఆదివారమో... కాదు, పోస్టు వచ్చింది గదా, ఆదివారం కాదు. ప్రెస్సుకు ఏదో సెలవు, మీ తాత ఇంట్లనే ఉన్నడు. నేను ఎనుకకెల్లి చేతితోని సైగ చేసిన, ఇంటామెతోని రాపియ్యి అని. జూడలే. ఆ ఫారం తీసుకోని గడప మీద కూసోని, తనకొచ్చిన అచ్చరాలతోని మెల్లమెల్లగ రాసిండు. రాజవ్వ చనిపోయింది. ఆమె నా కన్నతల్లి. నేను ఆమె కొడుకును. ఎల్లయ్య. కింద ఇంటి నంబరు రాసిండు, ప్రెస్సు పేరు గూడ రాసిండు. పోస్టాయన చదివి, "ఇది రాయకు ఎల్లయ్యా, నీకే ముప్పు" అన్నడు. "ఉండనీ" అన్నడు మీ తాత.

ఇగ నాకు భయం బట్టుకున్నది. ఇయ్యాల పోలీసోళ్లు వస్తరు, రేపు గిర్దావర్ వస్తడు అని. మీ తాత మాత్రం పొద్దుగాల లేచి మొకం కడుక్కోని, ఉతికిన అంగీ తొడుక్కోని కూసునేటోడు. ప్రెస్సుకు ఆలస్యంగ పోయేటోడు. భయపడుతున్నడనే అనుకున్న నేను. ఒకదినం అడిగిన. "వస్తరు లచ్చీ, వచ్చి అడుగుతరు, నువ్వు ఆమెకు ఏమైతవ్ అని. అప్పుడు నలుగుట్ల చెప్త" అన్నడు. దాని కోసం ఎదురు చూస్తున్నడు మనిషి. జైలుకు పోయినా మంచిదే, ఎవలన్న ఒకలు అడగాలె.

నెల అయింది. ఆరు నెలలైంది. ఏడాది అయింది.

ఎవ్వలు రాలే బిడ్డా. ఒక్కలు గూడ రాలే. ఆ కాయితం దఫ్తర్‌ల ఎవ్వలు చదవనే లేదు.

...

దా, జర దగ్గరికి రా. తల మీద చెయ్యి పెట్టనీ. నూరేండ్లు సల్లగ బతుకు. మీ ఇంట్ల ఎంతమంది ఉంటే అంతమంది ఒక్కకాడ కూసోని తినుండ్రి తల్లీ. ఇంత తక్కువైనా మంచిదే, ఒక్క గిన్నెలకెల్లి... ఒక్క గిన్నెలకెల్లే తినుండ్రి...